ఆయన కూర్చున్న టైర్లు

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన నవ్వుతున్నాడు. రాష్ట్రం వచ్చిన సంబరాల ఫ్లెక్సీలు ఇంకా దింపనే లేదు. ఆ రంగుల మధ్య ఆయనదొక్కటి తెల్లగా, మెడలో కంప్యూటరులో అతికించిన పూలదండతో వేలాడుతోంది. 'ఆపద్బాంధవునికి అశ్రునివాళి' అని పెద్ద అక్షరాలు. కింద కాలనీ సంఘం వాళ్లు, ఆటో యూనియను వాళ్లు, వినాయక మండపం వాళ్లు ఎవరి ఫొటోలు వాళ్లు వేసుకున్నారు. పోయినాయన కంటే ఉన్నవాళ్లే ఎక్కువ చోటు తిన్నారు. సిగ్నల్ దగ్గర నా పక్కన ఆగిన ఆటో అతను అటు చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"గసొంటి మనిషి మల్ల పుట్టడు సార్. నా బిడ్డ పెండ్లికి టెంటు, కుర్చీలు, వంటోళ్లు అన్ని ఆయన్నే జూసుకున్నడు," అన్నాడు.

నేను తలాడించాను. ఆయన చెడ్డవాడని ఈ ఉప్పల్లో ఎక్కడన్నా అంటే నన్ను తన్ని తగలేస్తారు. నేనూ అనను. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది, నాలుగు తిట్లు తిట్టుకుని మర్చిపోయేవాణ్ణి. ఆయన మంచివాడు. ఆ మంచితనం తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

పేరు రాయను. ఆయన టైర్ల దుకాణాన్ని ఇప్పుడు కొడుకులు నడుపుకుంటున్నారు, వాళ్లు నాకేమీ చెయ్యలేదు.

నాది కాకినాడ దగ్గర. ఫైబరు పడవలు చేసే పని నేర్చుకుని, సముద్రం లేని ఈ ఊరికి వచ్చి, నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. హైదరాబాదులో పడవలేంటని మా వాళ్లంతా నవ్వారు. చెరువున్న ప్రతి పార్కులోనూ తొక్కుడు పడవలు పెడుతున్న రోజులవి. హంస ఆకారంలో చేసిచ్చేవాణ్ణి. బతుకు బాగానే గడిచింది.

ఉప్పల్ నుంచి నాచారం వచ్చే రోడ్డు మీద ఆయన టైర్ల దుకాణం. దుకాణం ముందు, ఎండలో, టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద గోనెసంచీ పరుచుకుని కూర్చునేవాడు. లోపల మంచి కుర్చీ ఉండేది, ఫ్యాను ఉండేది. వాటి మొహం చూసేవాడు కాదు. రోడ్డు కనపడకపోతే ఆయనకు అన్నం సహించదు. పోయే వచ్చే ప్రతి మనిషినీ పిలిచి పలకరించాలి. పాన్ నమిలేవాడు. వేలికి మిగిలిన సున్నాన్ని తాను కూర్చున్న టైరు లోపలి అంచుకు రాసేవాడు. ఏళ్ల తరబడి అలా రాయగా రాయగా ఆ టైర్ల లోపలంతా తెల్లటి చారలు. గోడకు రాస్తే వాళ్లావిడ తిడుతుందని చెప్పేవాడు.

మొదటిసారి ఆయన్ని చూసింది మా జీపుకు పంక్చరు పడినప్పుడు. నా మాట వినగానే పట్టేశాడు.

"ఆంధ్రా నుంచి వచ్చినవా బావా? కూసో. చాయ్ తాగు. గీడ ఎవ్వనికి భయపడకు, నేనున్న."

ఎవడికి భయపడాలో నాకు అర్థం కాలేదు కానీ టీ తాగాను. ఆ రోజు నుంచి నేను ఆయనకు 'ఆంధ్రా బావ'నే. నేను 'అన్నా' అనేవాణ్ణి.

ఆయన నోట ఒక మాట నేను ఎన్నడూ వినలేదు. 'లేదు' అనే మాట. దుకాణానికి వచ్చిన మనిషి ఒట్టి చేతులతో తిరిగి పోవడం ఆయనకు అవమానం. ట్రాక్టరు టైరు అడిగితే, తన దగ్గర లేకపోతే, వచ్చినవాడికి టీ చెప్పి స్కూటరేసుకుని ఎక్కడికో పోయి పట్టుకొచ్చేవాడు. సిమెంటు అడిగినవాడికి సిమెంటు, గ్యాసు బండ అడిగినవాడికి బండ. ఒకసారి ఎవరో ముసలి దంపతులు మౌలాలి దర్గాకు దారి అడిగారు. దారి చెబితే సరిపోయేదా? ఇద్దరినీ తన వ్యానులో ఎక్కించుకుని, గుట్ట కింద దించి, దుకాణం గాలికొదిలి సాయంత్రానికి వచ్చాడు. ఇదేం పద్ధతన్నా అంటే, "లేదనుడు, తెల్వదనుడు మన ఖాందాన్లనే లేదు బావా" అన్నాడు.

ఇంకో అలవాటుండేది. టైరు అమ్మేటప్పుడు అరచేత్తో దాన్ని చరిచి, పుచ్చకాయ చూసినట్టు చెవి పెట్టి వినేవాడు. ఆ చప్పుడులో ఏం తెలుస్తుందో ఆయనకే తెలియాలి. తర్వాత కొనేవాడి చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టేవాడు. "పో. ఫికర్ జెయ్యకు. నాది జిమ్మేదారి." అంతే, రసీదు అడిగినవాడు లేడు. నాచారం ఫ్యాక్టరీల లారీ డ్రైవర్లందరికీ ఆ చెయ్యి వేయించుకోవడం గుడిలో శఠగోపం పెట్టించుకోవడంతో సమానం.

నేనూ పెట్టించుకున్నాను.

వరంగల్ వైపు ఒక చెరువుకు పదిమంది కూర్చునే మోటారు పడవ కావాలని కాంట్రాక్టు వచ్చింది. అంతవరకు చిన్న పడవలు లారీలో వేసి పంపేవాణ్ణి. ఇది లారీలో పట్టదు, పట్టినా ఒడ్డున దించే దిక్కు లేదు. అందుకని ట్రైలరు చేయించాను. జీపు వెనక తగిలించి తీసుకుపోయి, చెరువు ఒడ్డున ట్రైలరుతో సహా నీళ్లలోకి వెనక్కి నెడితే పడవ దానంతట అదే తేలుతుంది. పాత అంబాసిడర్ కారు ఇరుసు దొరికింది, ఇనప పని అంతా నాచారంలోనే అయిపోయింది. ఇక టైర్లు మిగిలాయి.

టైర్ల దగ్గర నాకు చాదస్తం. పడవ ట్రైలరు టైరు సంగతి వేరు. కారు టైరు రోజూ తిరిగి అరుగుతుంది, అరిగితే కంటికి కనిపిస్తుంది. ట్రైలరు ఏడాదిలో ఎక్కువ రోజులు బరువు మోస్తూ ఒకేచోట నిలబడి ఉంటుంది. ఎండకు రబ్బరు లోపల్లోపలే ఎండిపోతుంది. పైన రోడ్డును పట్టే బటన్లు మాత్రం కొత్తవాటిలాగే ఉంటాయి. అలాంటిదాన్ని ఒకరోజు ఉన్నట్టుండి నిండు బరువుతో హైవే ఎక్కిస్తాం. పైగా దాని మీద మనిషెవడూ కూర్చోడు, టైరు మెత్తబడినా ముందు తోలేవాడికి తెలియదు. నేను పని నేర్చుకున్న షెడ్డులో ఇలాగే ఒక ట్రైలరు తిరగబడటం కళ్లారా చూశాను. అందుకే టైర్లు ఈమధ్య తయారైనవి కావాలి, పక్కలు గట్టిగా ఉండాలి, రెండూ ఒకే రకం కావాలి, ఎండలో పడున్నవి పనికిరావు అని పట్టుబట్టాను.

ఆ సైజు టైర్లు వేసుకునే కార్లు రోడ్ల మీద తగ్గిపోతున్న కాలం. ఊళ్లో ఏ దుకాణానికి వెళ్లినా లేదన్నారు. తిరిగి తిరిగి చివరికి ఆయన దగ్గరికి పోయాను.

"లేవంటరా? దునియల లేనిదేమన్న ఉంటదా బావా? రేపు పొద్దుగాల రా," అన్నాడు.

మర్నాడు వెళ్లేసరికి రెండు టైర్లు నిగనిగలాడుతూ గోడకు ఆనించి ఉన్నాయి. కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి చూడండి, అవి కూడా అలాగే ఉన్నాయి. బటన్లలో గోరు పెడితే గోరంతా దిగింది. ఆ రోజు ఆయన దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చూశాను కానీ పట్టించుకోలేదు.

"తాజావేనా అన్నా? ఎండలో ఉన్నవి కాదు కదా?" అని అడిగాను.

"ఒక్క మైలు గుడ తిరగలే బావా. బటన్లు సూడు. వెంట్రుక గుడ ఊడలే," అన్నాడు.

నేనడిగింది ఎండ గురించి. ఆయన చెప్పింది మైళ్ల గురించి. అప్పుడు నాకది తట్టలేదు. నా చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టి, పైన తన చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది ఆ చెయ్యి. నాది జిమ్మేదారి అన్నాడు. హాయిగా ఇంటికొచ్చి పడుకున్నాను.

జీపు తోలేది యాదగిరి. భువనగిరి దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చి నాచారంలో ఒక గదిలో భార్యతో, కూతురితో ఉండేవాడు. నెమ్మదిగా తోలడంలో యాదగిరిని మించినవాడు లేడు. ఎదురుగా గేదె వస్తే గేదెకే దారిచ్చే మనిషి. మా షెడ్డులో కుర్రాళ్లు అతన్ని 'ఎడ్లబండి' అని ఏడిపించేవాళ్లు. ఆ రోజు పడవ వెనక ఉందని మరీ నెమ్మదిగా తోలుతున్నాడు. నేను పక్క సీట్లోనే ఉన్నాను. ఉప్పల్ దాటాం, బోడుప్పల్ దాటాం. నారపల్లి దాటాక పొలాల్లో ప్లాట్ల రాళ్లు, రంగుల జెండాలు కనిపిస్తున్నాయి. స్పీడు చూపే ముల్లు ముప్పై దగ్గరే ఉంది, వెనక లారీ వాళ్లు హారన్ కొడుతున్నారు. కొంచెం పోనీయొచ్చుగా అని నేనే అన్నాను. "ఎందుకు సార్, పడవ ఏడికి పోతది?" అని నవ్వాడు.

అప్పుడు వెనక ట్రైలరు టైరు పేలింది.

ట్రైలరు ఒక పక్కకు ఊగి జీపును ఈడ్చింది. కొక్కెం తెగింది. పడవ ట్రైలరుతో సహా రోడ్డుకు అడ్డంపడి అవతలి వైపు వెళ్లింది. అటు నుంచి మోపెడ్ మీద పాల క్యాన్లతో ఒకతను వస్తున్నాడు. మా జీపు కాలవలో పడింది. యాదగిరి మోకాలు నుజ్జయింది, నాకు గీతలు పడ్డాయి. నేను పైకి ఎక్కి చూసేసరికి పడవ రోడ్డు మీద బోర్లా పడి ఉంది. దాని కింద నుంచి పాలు కారుతున్నాయి.

ఎవరు ఫోన్ చేశారో తెలియదు, అంబులెన్సు కంటే ముందు ఆయన వ్యాను వచ్చింది. పదిమందిని పోగుచేసి పడవ ఎత్తించాడు. పాలతని తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించబోయాడు. అతను తాగలేదు. ఆయన చొక్కా నిండా నెత్తురు. భోరుమని ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు, నేను పక్కనే ఉండి చూశాను.

లేచి నిలబడ్డాక పేలిన టైరు కంటబడింది. దాన్ని చూశాడు. నన్ను చూశాడు. చుట్టూ మూగిన జనాన్ని చూశాడు.

"జోరు మీద ఉన్నడా యాదగిరి?" అన్నాడు.

లేదు, ముప్పై మీద ఉన్నాడు అని అరిచాను. వింటున్నదెవరు? ఆయన చేసింది ఆరోపణ కాదు, ఒక ప్రశ్న అడిగాడంతే. అది జనంలో పడింది. సాయంత్రానికి ఉప్పల్లో, నాచారంలో అందరూ అదే మాట. జోరు మీద ఉండెనంట. పడవ పెట్టుకొని గంత జోరు ఎందుకో. పాపం పాలాయన.

టైరు తునక ఒకటి షెడ్డుకు తెచ్చుకున్నాను. పైన పూసిన నల్ల పాలిష్ గుడ్డతో తుడిస్తే పక్కలంతా చెప్పుల్లేని మనిషి మడమల్లా పగుళ్లు. వంచితే పెళుసుగా విరిగింది. లోపలి అంచు తిప్పి చూశాను. అక్కడికి పాలిష్ పోలేదు. వేలితో గీసిన తెల్లటి చారలు, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. సున్నం. అప్పుడు గుర్తొచ్చింది నాకు ప్లాస్టిక్ కుర్చీ. ఊళ్లో ప్రతి దుకాణంలోనూ నేను లేదనిపించుకుని వచ్చిన ఆ సైజు టైర్లు ఆయన కింద ఉన్నాయి, ఏళ్ల తరబడి ఎండలో. ఒక్క మైలు తిరగని మాట నిజమే.

పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టరుకు ఇదంతా చెప్పాను. అతను నన్ను జాలిగా చూశాడు.

"బండి నీది. టైర్లు కొన్నది నువ్వు. టైరు పాతదని రాస్తే నువ్వే లోపటికి పోతవు, తెలుసా?"

"రాయండి," అన్నాను.

రాయలేదు. ఆలోగా మన టైర్లాయన నలుగురు పెద్దమనుషులతో దిగాడు. పాలతని ఇంటివాళ్లతో మాట్లాడాడు, దినాలు చేయించాడు. యాదగిరిని పెద్ద ఆసుపత్రిలో చేర్పించి మోకాలికి ఆపరేషన్ చేయించాడు. లాయరును కూడా ఆయనే పెట్టాడు. ఆ లాయరు నా సాక్ష్యం వద్దన్నాడు. వాదిస్తే ఏళ్లు పడుతుంది, జోరుగా తోలానని ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది అన్నాడు. యాదగిరి మంచం మీద నుంచి నా మొహం చూశాడు. ఒప్పుకోవద్దన్నాను. అతని భార్య సుగుణ కొంగు నోట్లో కుక్కుకుని, "టైర్ల సేటు చెప్పినట్టు ఇను. మనకెవ్వరున్నరు?" అంది. అతను ఒప్పుకున్నాడు. కోర్టులో యాదగిరి ఆ మాట అంటున్నప్పుడు పక్కన నిలబడి వీపు నిమిరింది కూడా ఆయనే.

టైరు తునక సంచీలో పెట్టుకుని దుకాణానికి వెళ్లాను. ఆయన లోపల అన్నం తింటున్నాడు. "రా బావా, కూసో, తిందురా" అన్నాడు. తునక బల్ల మీద పెట్టి సున్నం చారలు చూపించాను. ఆయన ముద్ద కలపడం ఆపి చూశాడు. చెయ్యి కడుక్కున్నాడు. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"నువ్వు ఊరంత తిర్గి ఒట్టి చేతులతోని వస్తివి. నీ మొఖం సూస్తే నాకు ఎట్లనో అయ్యింది. లేదని ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

"లేదంటే పోయేది కదన్నా! ఇంకో నెల ఆగేవాణ్ణి. ఢిల్లీ నుంచో ఎక్కణ్నుంచో తెప్పించుకునేవాణ్ణి. ఒక మనిషి చచ్చిపోయాడు."

"నేను జూసిన గద. నా ఒళ్లెనే పోయిండు." కళ్లు తుడుచుకున్నాడు. "వాళ్లింటికి ఏం తక్కువ జేసిన జెప్పు? యాదగిరికి ఏం తక్కువ జేసిన?"

"యాదగిరి తనే చంపాననుకుంటున్నాడు. అతనితో ఒక్క మాట చెప్పండి. కోర్టులో వద్దు, బజార్లో వద్దు. అతనికొక్కడికి చెప్పండి. తప్పు నాది, టైరుది అనండి. చాలు."

ఆయన తునక తీసుకుని తన వెనక ఉన్న పాత రబ్బరు కుప్పలో వేశాడు, మెల్లగా, విసిరేయకుండా.

"యాదగిరికి చెప్తే సుగుణకు తెలుస్తది. సుగుణకు తెలిస్తే బస్తీకి తెలుస్తది. రేపటి సంది నా చెయ్యి పెడితె ఎవడు నమ్ముతడు బావా? దుకాణం నడిస్తెనే గద వాళ్లింట్ల పొయ్యి ఎలిగేది. పాలాయన ఎట్లైనా పోయిండు. నేను చెప్తె లేసొస్తడా?"

"పాలతను లేవడు. యాదగిరి లేస్తాడు," అన్నాను.

ఆయన నాకు టీ చెప్పాడు. తాగకుండా వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన దుకాణం గడప తొక్కలేదు. ఆయన మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. ఎక్కడ కనపడ్డా, "బావా, కోపం పోలేదా?" అని నలుగురిలో నవ్వేవాడు. ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు ఎవరో కుర్రాళ్లు కర్రలతో మా వీధిలోకి వచ్చారు, ఆంధ్రావాళ్ల షెడ్లేవని అడుగుతూ. నేను లోపల తలుపేసుకుని కూర్చున్నాను. సందులోంచి చూస్తే మా గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని ఆయన కూర్చుని ఉన్నాడు.

"గీ షెడ్డు నాది అనుకోన్రి. పోన్రి," అన్నాడు వాళ్లతో. వాళ్లు దండం పెట్టి వెళ్లిపోయారు. ఎండలో పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాడు. నేను మంచినీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. ఇచ్చింది కృతజ్ఞతతోనో కోపంతోనో ఇప్పటికీ చెప్పలేను. నన్ను కాపాడినవాణ్ణి అసహ్యించుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. యాదగిరికి చెప్పారా అని అడిగాను. గటగటా నీళ్లు తాగి గ్లాసు నా చేతికిచ్చాడు.

"వాడు మంచిగున్నడు బావా. ఎందుకు కెలుకుతవు?"

యాదగిరి ఎంత బాగున్నాడో నాకు తెలుసు. మళ్లీ స్టీరింగు పట్టలేదు. సేటు దయతలచి తన దుకాణంలోనే గాలి కొట్టే పనిచ్చాడు. కూతురి చదువు సేటుదే. ఇంటి నిండా సేటు కొనిపెట్టిన సామానే. సెలవు దొరికితే కుంటుకుంటూ బస్సెక్కి నారపల్లి దాటి ప్రమాదం జరిగిన చోట దిగి ఊరికే నిలబడి వచ్చేవాడట. ఒకసారి పాలతని ఇంటికి పళ్లు తీసుకెళితే ఆవిడ వాకిట్లోనే ఆపి, "మా ఆయన్ను తొక్కి సంపి, ఇప్పుడు పండ్లు దెచ్చినవా?" అని తలుపేసుకుందట. సుగుణ చెప్పింది నాకు. అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టడు సార్, అట్లనే సూస్తుంటడు అంది.

నేను చెప్పకుండా ఎలా ఉంటాను? కనిపించినప్పుడల్లా చెప్పాను. టైరు గురించి, సున్నం గురించి, ముల్లు ముప్పై దగ్గర ఉండటం గురించి. అతను ఓపిగ్గా వినేవాడు. చివరికి ఎప్పుడూ ఒకటే మాట.

"నా మనసు కుదుటపడాల్నని మీరు నన్ను బుదరకిస్తున్నరు సార్. టైరు తప్పైతె సేటు చెప్పకపోవునా? నాకోసం గింత జేసిన మనిషి గా ఒక్క మాట దాస్తడా?"

ఆయన ఏమీ చేయకుండా ఉండి ఉంటే యాదగిరి నా మాట నమ్మేవాడు.

ఈ వేసవి మొదట్లో ఆయన కిడ్నీలు చెడిపోయి ఆసుపత్రిలో ఉన్నాడని, నన్ను చూడాలంటున్నాడని కబురొచ్చింది. వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. చెప్పడానికే పిలిచి ఉంటాడన్న ఆశ నాకు. మంచం మీద మనిషి సగమయ్యాడు. కాళ్ల దగ్గర స్టూలు మీద కూర్చుని యాదగిరి ఆయన పాదాలు పిసుకుతున్నాడు.

"వచ్చినవా ఆంధ్రా బావా," అన్నాడు. గొంతు పీలగా ఉంది. "రాష్ట్రం వస్తుంది. నువ్వేడికి పోకు. గీడనే ఉండు. నా కొడుకులకు జెప్పిన, నిన్ను జూసుకొమ్మని."

"నా సంగతి ఎందుకన్నా? యాదగిరి ఇక్కడే ఉన్నాడు. చెప్పండి," అన్నాను.

యాదగిరి తలెత్తాడు. ఆయన నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, నారపల్లి రోడ్డు మీద టైరును చూశాక నన్ను చూసిన చూపు. పెదవులు కదిలాయి. నేను మంచానికి దగ్గరగా జరిగాను. చెబుతాడనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఆ క్షణం ఆయన్ని పూర్తిగా క్షమించేశాను.

ఆయన తన చెయ్యి యాదగిరి తల మీద పెట్టాడు.

"యాదగిరీ, ఇగ గదంత మర్శిపో బిడ్డా. అయిందేదో అయింది. నేనైతె నిన్ను ఎన్నడో మాఫ్ జేసిన."

యాదగిరి ఆ పాదాల మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన కూడా ఏడ్చాడు. గది బయట నిలబడ్డ చుట్టాలు కళ్లొత్తుకున్నారు. నాకు మాత్రం కన్నీరు రాలేదు. అరవాలనుంది, కానీ చావుబతుకుల్లో ఉన్న మనిషి మంచం దగ్గర ఏమని అరుస్తాను? బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను.

కాసేపటికి యాదగిరి కుంటుకుంటూ వచ్చాడు. మొహం కడుక్కున్నాడు. అన్నేళ్లలో అతని మొహం అంత తేటగా చూడలేదు నేను.

"ఇయ్యాల పానం జర తేలికైంది సార్," అన్నాడు. కొంచెం తటపటాయించి అడిగాడు. "సేటు మాఫ్ జేసిండు. పైన పాలాయన గుడ మాఫ్ జేస్తడంటరా?"

"నువ్వు ముప్పై మీద ఉన్నావు యాదగిరీ. నేను నీ పక్క సీట్లో ఉన్నాను. నా కళ్లతో చూశాను. నువ్వు ఎవర్నీ చంపలేదు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

యాదగిరి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మీరు గుడ శానా మంచోళ్లు సార్. నాకోసం ఇంకెన్నేండ్లు అబద్ధమాడ్తరు?"